నడివయసులో కలిసిన తోడు – శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్

దుర్గాబాయి దేశముఖ్ గారి జీవితం గురించి మన సంచికల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ వచ్చిన వ్యాసాలన్నీ ఇంచుమించు ఒక్క తీరుగానే సాగుతాయి. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు, ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ, పద్మవిభూషణ్ వరుసగా వస్తాయి. ఆమె వివాహం సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది. 1953లో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశముఖ్ గారిని పెళ్ళాడిందని రాసి, తర్వాతి పదవి దగ్గరకు వెళ్ళిపోతారు. అప్పటికి ఆమెకు 43 ఏళ్ళు. ఆయనకు 57. ఆయన భార్యను పోగొట్టుకుని మూడేళ్ళు దాటింది. ఆ ఒక్క వాక్యం దగ్గరే కాసేపు ఆగుదామని ఈ వ్యాసం.

ఆగవలసిన అవసరం మనకు ఉంది. సముద్రం దాటివచ్చి నాలుగైదు తరాలైన మన కుటుంబాల్లో ఇప్పుడు పిల్లల పెళ్ళిళ్ళ గురించి పెద్దలు చాలా ఉదారంగా మాట్లాడతారు. కులం మాట దాదాపు పోయింది. జాతి వేరైనా ఒప్పుకుంటున్నారు. కాని ఏబై అయిదేళ్ళ తండ్రి, భార్య పోయిన రెండేళ్ళకు, గుడిలోనో సంఘం సమావేశంలోనో పరిచయమైన ఒకామెతో కాఫీకి వెళ్ళాడని తెలిస్తే ఆ ఉదారులైన పిల్లలే తల దించుకుంటారు. తల్లి విషయమైతే చెప్పనే అక్కరలేదు. చిన్నవాళ్ళ ప్రేమను ఒప్పుకున్నంత సులువుగా పెద్దవాళ్ళ ఒంటరితనాన్ని మనం ఒప్పుకోలేకపోతున్నాము.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఆ ఊళ్ళోనే, అందుకు 28 ఏళ్ళ ముందు, 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆమె పుట్టేనాటికి పంతులుగారు ఇంకా జీవించే ఉన్నారు. ఆమెకు పదేళ్ళు నిండకముందే, 1919లో కన్నుమూశారు. ఇంతటి సంస్కర్త పుట్టిన ఊళ్ళో పుట్టిన పిల్లకు కూడా ఎనిమిదేళ్ళకే మూడు ముళ్ళూ పడిపోయాయి. వరుడు సుబ్బారావు జమీందారీ కుటుంబం పిల్లవాడు. పిల్ల పుట్టింట్లోనే పెరిగింది.

తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. తర్వాత కాపురం కాకినాడకు మారింది. కాకినాడ మనకు పరాయి ఊరు కాదు. మన ముందు తరాలవారిలో ఎందరో దాని పక్కనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కినవారే. మారిషస్‌లో తెలుగువారిని కోరంగీలని పిలిచింది ఆ రేవు పేరు మీదే. ఆ కాకినాడకు 1921లో గాంధీజీ వచ్చినప్పుడు పన్నెండేళ్ళు నిండని దుర్గాబాయి ఒక పని తలపెట్టింది. ఊళ్ళోని దేవదాసీలూ ఘోషా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయనను చూసి ఆయన మాట వినాలి. పెద్దలు కుదరదనడానికి బదులు అయిదువేల రూపాయల నిధి తెమ్మన్నారు. ఆ డబ్బు దేవదాసీలే పోగుచేశారు. ఆ సభకు గాంధీజీ వచ్చారు. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. అక్కడి నుంచి పురుషుల సభకు వెళ్ళి ఆయన ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పిల్లే.

1923లో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర ఆమెను వాలంటీరుగా నిలబెట్టారు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు. ఆమె ఆపింది. పక్కనున్న పెద్దలు కంగారుపడి టిక్కెట్టు కొని తెచ్చిన తర్వాతే ఆయన లోపలికి వెళ్ళారు. ఈ కథ అందరూ చెబుతారు. దీనికి ముప్పై ఏళ్ళ తర్వాత ఒక కొనసాగింపు ఉంది. దాని సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఆమె యుక్తవయసుకు వచ్చింది. కాపురానికి పంపవలసిన వేళ అయింది. అప్పుడు పదిహేనేళ్ళ ఆ పిల్ల భర్తకు తన మనసు చెప్పింది. తను సంసారానికి తగిన మనిషి కాననీ, తన దారి వేరనీ, ఆయన మరొకరిని చేసుకుని సుఖంగా ఉండాలనీ చెప్పింది. తండ్రీ తమ్ముడూ ఆమె పక్కన నిలబడ్డారు. సుబ్బారావు గారు కోపించలేదు. అర్థం చేసుకుని వేరే వివాహం చేసుకున్నారు. ఆ కాలంలో అటువైపు నుంచి ఇంత మర్యాద దొరకడం అరుదు. అందుకని ఆయన పేరు కూడా గౌరవంగా తలచుకోవాలి.

తండ్రి చిన్న వయసులోనే పోయారు. కృష్ణవేణమ్మ గారు ఇద్దరు బిడ్డలతో మిగిలారు. భర్త పోయిన ఇల్లాలి బతుకు ఎలా ఉంటుందో దుర్గాబాయి పుస్తకాల్లో చదవలేదు. ఇంట్లోనే చూసింది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. మూడుసార్లు జైలు. వెల్లూరు జైలులో తోటి ఖైదీలైన పేద స్త్రీల కథలు విని, వాళ్ళలో కొందరు చేయని నేరానికి శిక్ష అనుభవిస్తున్నారని తెలుసుకుని, లా చదవాలన్న కోరిక అక్కడే పుట్టింది. మదురై జైలులో ఒంటరి కొట్టడి ఆమె ఆరోగ్యాన్ని పాడుచేసింది. బయటికి వచ్చాక రాజకీయాలు పక్కన పెట్టి చదువుకు కూర్చుంది. ఇంగ్లీషు చదువు వద్దని చిన్నప్పుడు బడి మానేసిన మనిషి, ఇరవై దాటాక అక్షరం దగ్గర నుంచి మొదలుపెట్టి కాశీలో మెట్రిక్యులేషను ప్యాసైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీలకు హాస్టలు లేదని చేర్చుకోవడానికి వెనకాడితే, చదువుకోదలచిన ఆడపిల్లలు కబురు పెట్టండని పత్రికలో ప్రకటన వేయించి, వచ్చినవాళ్ళను కలుపుకుని తనే హాస్టలు పెట్టింది. 1939లో బి.ఏ. ఆనర్సు, 1942లో లా. మద్రాసులో క్రిమినలు కేసులు వాదించి పేరు తెచ్చుకుంది. 1937లో మైలాపూరు పిల్లలతో మొదలైన చిన్న సంఘమే ఆంధ్ర మహిళా సభ అయింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను, వితంతువులను, భర్తలు వదిలేసినవారిని కూర్చోబెట్టి తక్కువ కాలంలో మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం ఆ సభ తొలినాటి పనుల్లో ముఖ్యమైనది.

1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది. ఆ సభకు అధ్యక్షత వహించగల సభ్యుల పట్టికలో ఆమె ఒక్కతే స్త్రీ. హిందూ స్త్రీకి ఆస్తి హక్కు కావాలని గట్టిగా మాట్లాడినవారిలో ఆమె ఒకరు. 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో రాజమండ్రిలో నిలబడి ఓడిపోయింది. ఆ తర్వాత నెహ్రూ గారు ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిని చేశారు. సంఘ సంక్షేమం ఆమె వంతు.

ఇక ఆయన సంగతి. చింతామణి ద్వారకానాథ్ దేశముఖ్ 1896 జనవరి 14న కొంకణ ప్రాంతంలో పుట్టారు. మెట్రిక్‌లో బొంబాయి విశ్వవిద్యాలయానికే మొదటివారై సంస్కృతంలో బహుమతి పొందారు. కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలు చదివి, వృక్షశాస్త్రంలో బహుమతి అందుకుని, 1918లో ఐ.సి.ఎస్. పరీక్షలో మొదటి స్థానంలో నిలిచారు. ఇంగ్లండులో ఉండగానే రోసినా అనే ఆంగ్ల వనితను వివాహమాడారు. వారికి ఒక కుమార్తె. 1943లో రిజర్వు బ్యాంకుకు మొట్టమొదటి భారతీయ గవర్నరు అయ్యారు. ఆ పదవి నుంచి తప్పుకున్న 1949లోనే రోసినా గారు మరణించారు. మరుసటి ఏడాది ఆయన ఆర్థిక మంత్రి అయ్యారు. మితభాషి. తోటపని అంటే ప్రాణం. కాళిదాసు మేఘదూతాన్ని మరాఠీ పద్యాలుగా చేసినవారు.

ఇటువంటి మగవాడు భార్య పోయాక ఏం చేయాలో మన పాత సంఘానికి బాగా తెలుసు. చెప్పుకోదగిన పదవి ఉంది, సంపాదన ఉంది, అరవై నిండలేదు. ఇరవై ఏళ్ళ పిల్లను వెతికి తెచ్చి పెళ్ళి చేసేవారు. ముసలి వరుల కక్కుర్తిని వీరేశలింగం గారు తమ బ్రహ్మవివాహ ప్రహసనంలో ఎంత ఎగతాళి చేశారో చదివినవారికి తెలుసు. పెళ్ళాం పోయిన మగవాడికి రెండో పెళ్ళి ఇంటి ఏర్పాటు. మొగుడు పోయిన ఆడదానికి అది తప్పు. 1856లోనే చట్టం ఒప్పుకున్నా, తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఇళ్ళల్లో అదే లెక్క నడిచింది.

దేశముఖ్ గారు ఆ లెక్కలో పడలేదు. తాత్కాలిక పార్లమెంటులో ఆయన మంత్రి, ఆమె సభ్యురాలు. ఆ తర్వాత ప్రణాళికా సంఘంలో ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవారు. కాగితాల మీద, అంకెల మీద, పేదవాళ్ళకు కేటాయించవలసిన రూపాయల మీద మాట్లాడుకుంటూ ఒకరినొకరు తెలుసుకున్నారు. ఈ కాలపు పిల్లలు డేటింగు అనే మాటకు మనం అనుకునే అర్థం ఇక్కడ లేదు. కాని ఆ మాటకు అసలు అర్థమేదో, ఒక మనిషి ఎటువంటిదో నిదానంగా చూసుకోవడం, అది ఇక్కడ ఉంది. పెళ్ళిచూపుల్లో అరగంటలో తేలే విషయం కాదు. నడివయసు మనుషులకు అలవాట్లు గట్టిపడి ఉంటాయి. ఒకరిది మరాఠీ, ఒకరిది తెలుగు. ఒకరు కేంబ్రిడ్జి, ఒకరు కాశీలో ఆలస్యంగా అక్షరాలు దిద్దినవారు. ఒకరు తెల్లదొరల కొలువులో సర్ బిరుదు పొందినవారు, ఒకరు అదే దొరల జైళ్ళలో మగ్గినవారు. ఈ ఆఖరి తేడా చిన్నదేమీ కాదు. ఆ తరంలో దాని మీద జీవితాంతం పలకరించుకోని మనుషులున్నారు.

1953 జనవరి 22న వారిద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. సాక్షులుగా సంతకం చేసినవారు ముగ్గురు. వారిలో ఒకరు ప్రధాన మంత్రి జవహర్‌లాల్ నెహ్రూ. కాకినాడలో టిక్కెట్టు అడిగిన పిల్ల పెళ్ళి పత్రం మీద, దాదాపు ముప్పై ఏళ్ళకు, ఆయన సంతకం పడింది. పేరంటం లేదు, లాంఛనాలు లేవు.

వీరేశలింగం గారి పెళ్ళిళ్ళకూ ఈ పెళ్ళికీ ఒక తేడా ఉంది. పంతులుగారు ఆడపిల్లల కన్నీళ్ళు చూసి కరిగి, శాస్త్రాలు తిరగవేసి, వరుణ్ణి వెతికి, పోలీసుల కాపలాలో పెళ్ళి జరిపించారు. ఆ పిల్లలు చిన్నవాళ్ళు. వాళ్ళకు దిక్కు లేదు. జాలి చూపి వాళ్ళను గట్టెక్కించడమే ఆనాటి పని. దుర్గాబాయి మీద ఎవరూ జాలి పడవలసిన అవసరం లేదు. ఆమెకు చదువుంది, వృత్తి ఉంది, దేశమంతా తెలిసిన పేరుంది. ఆమె పెట్టిన సంస్థ నీడన ఎందరో బతుకుతున్నారు. తిండికోసం గాని రక్షణకోసం గాని ఆమె పెళ్ళి చేసుకోలేదు. తోడు కావాలనిపించి చేసుకుంది. జాలితో చేసే పెళ్ళికి సంఘం నెమ్మదిగానైనా ఒప్పుకుంది. ఇష్టంతో చేసుకునే పెళ్ళికి, అందులోనూ తల నెరిశాక, ఇప్పటికీ తల ఊపలేకపోతోంది. రెండో మెట్టే కష్టమైనదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ చూపించడానికి కన్నీళ్ళు లేవు. ఒక మనిషికి మరొక మనిషి నచ్చడం ఒక్కటే ఉంది.

ఆమె మనసు తెలియాలంటే ఇంకొక సంగతి చెప్పాలి. సుబ్బారావు గారు కొన్నేళ్ళకు చనిపోయారు. ఆయన రెండో భార్య దిక్కులేనిదైంది. బంధువులు ఆమెను సుఖంగా ఉండనివ్వలేదు. ఆమెను పిలిపించి, ఆంధ్ర మహిళా సభలో ఉంచి, చేతిపనులు నేర్పించి, తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేసింది దుర్గాబాయే. మన భాషలో ఈ వరుసను సవతి అంటారు. ఆ మాట వింటేనే మనకు తగవులూ తంటాలూ గుర్తుకొస్తాయి. తన పేరు మీద ఒకప్పుడు తాళి కట్టిన మనిషి పోయాక, ఆయన మిగిల్చి వెళ్ళిన ఆడమనిషిని తన బాధ్యత అనుకున్నదంటే, ఆమె దృష్టిలో గతం తెంచి పారేయవలసిన దారం కాదు. కొత్త జీవితం మొదలుపెట్టాలంటే పాతది మరచిపోవాలని కొందరు అనుకుంటారు. పోయినవారి ఫోటో గోడ మీద ఉండగా మరొకరు ఇంట్లోకి ఎలా వస్తారని అడుగుతారు. దేశముఖ్ గారికి రోసినా గారితో దాదాపు ముప్పై ఏళ్ళ కాపురం, పెరిగిన కూతురు. అదంతా లేనట్టు నటించమని ఈ పెళ్ళి ఆయనను కోరలేదు.

ఈ జంటకు పిల్లలు లేరు. పనులే పిల్లలు. పెళ్ళయిన కొన్ని నెలలకే, 1953 ఆగస్టులో, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దాని మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు సాయంగా మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. అనాథ శరణాలయాలకూ, స్త్రీల సంఘాలకూ, పల్లెల్లో బాలవాడీలకూ ఆ డబ్బు చేరే దారి ఆమె వేసింది. ఖజానా భర్త చేతిలో, ఖర్చు భార్య చేతిలో! ఇంటింటా ఉన్న సంగతే అయినా ఇక్కడ దేశమంతటికీ జరిగింది. అదే ఏడు చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చింది. మన దేశంలోనూ అటువంటివి పెట్టాలని పెద్దలకు నచ్చజెప్పుతూ వచ్చింది. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేదు.

1956లో బొంబాయి నగరం విషయంలో ప్రభుత్వంతో అభిప్రాయ భేదం వచ్చి దేశముఖ్ గారు మంత్రిపదవి వదులుకున్నారు. పదవి పోయిన ఇంట్లో కలత ఉంటుంది. వారిద్దరూ మరింత పని పెట్టుకున్నారు. ఆయన విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘానికి అధ్యక్షులై, తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఆమె 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించి మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. ఒకరి పదవి నీడలో ఒకరు ఉండకుండా, ఇద్దరూ ఎవరి ఎండలో వారు నిలబడ్డారు. ఢిల్లీ బాధ్యతలు ముగిశాక కాపురం హైదరాబాదుకు మార్చారు. మరాఠీ పండితుడు తెలుగుదేశపు అల్లుడై, విద్యానగరు వైపు విస్తరించిన ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి, కళాశాల, అక్షరాస్యతా భవనం మధ్య ముసలితనం గడిపారు. ఆయన సంస్కృత కవితలు 1969లో పుస్తకంగా వచ్చాయి. 1975లో ఇద్దరికీ ఒకే ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆయన తన జీవితకథను 1974లో పుస్తకంగా వేశారు. ఆమె 1980లో తన కథ వేసింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన మనిషి, రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి తన పుస్తకానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఆమె పెట్టుకున్న పేరుకు తెలుగు అర్థం చింతామణీ నేనూ అని. ముందు ఆయన పేరు, తర్వాత తను. భర్త పేరు నోటితో పలకని ఇళ్ళ నుంచి వచ్చిన తరం వారిది.

1981 మే 9న దుర్గాబాయి మరణించింది. వారు కలిసి బతికింది 28 ఏళ్ళు. మొదటి పెళ్ళి ఎనిమిదేళ్ళకు జరిగినా, ఆమె నిజంగా చేసిన కాపురం ఈ రెండోదే. దేశముఖ్ గారు ఎనభై అయిదేళ్ళ వయసులో రెండోసారి భార్యను పోగొట్టుకున్నారు. ఒకసారి అనుభవించిన దుఃఖం మళ్ళీ రావచ్చునని తెలిసే ఆయన 1953లో సంతకం చేశారు. ఆమె పోయిన తర్వాత ఆయన ఏడాదిన్నర కూడా లేరు. 1982 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, హైదరాబాదులో కన్నుమూశారు.